గవదబిళ్లల రోడ్డు

బావగారికి,

మీరు వేయబోయే రోడ్డుకి మా ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం కావాలని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుని మరీ విన్నాను!

ఉక్కు కరిగించాక మిగిలే ఆ మడ్డితో మా గేటు ముందు రోడ్డు పట్టుబట్టి వేయించింది నేనే. తాజా చిట్టెం తడి తగిలితే ఉబ్బుతుందని అప్పుడు తెలియదు. రెండేళ్ల కిందటి వానలకు రోడ్డంతా బుడిపెలు లేచాయి. "ఏం మరదలా, నీ రోడ్డుకి గవదబిళ్లలా?" అని అందరి ముందూ పడీపడీ నవ్వారు, గుర్తుందా?

అదంతా తవ్వించేశాను. ఈసారి కొత్త గుట్టను ఎండకీ వానకీ వదిలేసి, ఉబ్బాల్సిందంతా అక్కడే ఉబ్బనిచ్చి, ఆ తర్వాతే పరిపించాను. మళ్లీ వానలు వచ్చి వెళ్లాయి. నిన్న మా మిల్లులో రోలర్ల మధ్య ఎర్రగా సాగిన కడ్డీలను, చల్లారాక లారీ నిండా ఎక్కించి ఆ రోడ్డు మీదే పంపాం. డ్రైవర్ దిగి వెనక్కి చూసి, "అమ్మా, చక్రం అచ్చు కూడా పడలేదు!" అన్నాడు. మిల్లు మిల్లంతా ఈలలు వేసింది.

బాగా నానిన చిట్టెం మీకోసం విడిగా పోయించాను. లారీని పంపి ఊరుకోకండి, మీరే రండి. గుట్ట దగ్గరికి ఒకటే దారి ఉంది. ఆ గవదబిళ్లల రోడ్డే.

గేటు దగ్గరే ఎదురుచూసే
మీ మరదలు