అక్క అడిగిన ప్రశ్న

జూన్ 3
డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నోరు జారాను. ఫిలాసఫీలో ముప్పాతిక భాగం ఊకదంపుడే, సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు అనేశాను. హెచ్‌ఓడీ ముఖం మాడిపోయింది. ఆ పాఠాలే చెప్పి జీతం తీసుకుంటున్నదాన్ని, నేనే అనాలా? కానీ అబద్ధం కాదుగా. ఒకరి పేపర్ మీద ఇంకొకరి పేపర్, దాని మీద మరొకరిది.

జూన్ 4, మధ్యాహ్నం
అక్క ఫోన్. బావ ఫ్యాన్ తుడుస్తూ నిచ్చెన మీంచి పడ్డాడట. తలకు దెబ్బ. స్పృహ లేదు.

జూన్ 5
ఆపరేషన్ చేస్తే బతకొచ్చట. మునుపటి మనిషిలా ఉంటాడని మాత్రం చెప్పలేనన్నాడు సర్జన్. చెయ్యకపోతే ఆశ లేదు. అక్క పెన్ను పట్టుకుని నావైపు చూసింది. నువ్వు చదివినవన్నీ ఇలాంటివే కదే, సంతకం పెట్టనా వద్దా అంది. పెట్టమన్నాను. ఏ సిద్ధాంతమూ గుర్తు రాలేదు. భయమేసి చెప్పాను, అంతే.

జూన్ 6
బతికాడు.

జూన్ 19
బావకు మాటలొచ్చాయి. అక్కను "మీరు" అంటున్నాడు. నర్సుకెంత మర్యాదో అక్కకూ అంతే. "ఒసేయ్" అని ఇల్లు ఎగిరిపోయేలా పిలిచే మనిషి! కాఫీ వాసనకే మొహం తిప్పుకుంటున్నాడు.

జూన్ 27
బావను ఇంటికి తెచ్చాం. అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేసింది. ఈయన మీ బావేనంటావా, కాకపోతే మీ బావ ఎక్కడికెళ్లారే, నేనిప్పుడు ఏడవాలా వద్దా అని అడిగింది.

జ్ఞాపకాలు పోతే మనిషి అదే మనిషా? ఏటేటా బోర్డు మీద రాస్తాను. పిల్లలు ఆవలిస్తారు. నేనూ ఆవలింత ఆపుకుంటూనే చెబుతాను.

తెలిసిన వాదాలన్నీ చెప్పాను. గరిటె పట్టుకుని నిలబడే వింది. శరీరం ఒకటే అయితే మనిషీ ఒకటే అన్నాయనకి పెళ్లాం లేదు కదూ అంది. చివరిది మళ్లీ చెప్పమంది. మనిషి తనలోనే కాదు, తనని ఎరిగినవాళ్లలో కూడా ఉంటాడన్న వాదం అది. క్లాసులో నేను ఐదు నిమిషాల్లో కొట్టిపారేసేది. అక్క కళ్లు తుడుచుకుని, సరే అంది. సరే ఏమిటి? అది పట్టుకుని బతుకుతుందా?

జూలై 2
ఆ వాదం మళ్లీ చదివాను. మధ్యలో పెద్ద బొక్క ఉంది. ఎంత పూడ్చినా పూడట్లేదు. అక్కకు చెప్పాలి. ఫోన్ చేసి, బావ తిన్నాడా అని అడిగి పెట్టేశాను.

జూలై 8
అక్క బావ ఎదురుగా కుర్చీ వేసుకుని తన పేరు చెప్పిందట. బావ కాస్త సిగ్గుపడి, మీకు పెళ్లయిందా అండీ అని అడిగాడట.

ఆలోచించి చెబుతానందట.