సముద్రం బాగుందన్నాను

అక్కా, నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలూ వంకర టింకరగా ఉంటాయి. విసుక్కోకుండా కూడబలుక్కుని చదువుకో. ఫోను ఆయన జేబులోనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

మీ మరిదికి పట్నంలో పెద్ద హోటల్లో వంట పని దొరికింది. ఆ వీధిలో మన భాష మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారట. ఆయనేమో, "నీకు సముద్రమంటే ప్రాణం కదే, వద్దని చెప్పేస్తాలే" అంటున్నారు.

ఈ ఊరొచ్చిన రోజు కిటికీ తెరిచి, సముద్రాన్ని తనే తవ్వించినట్టు నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగారు. చాలా బాగుందన్నాను. ఇప్పుడు కాదని ఏ మొహంతో చెప్పను? సెలవులకొచ్చినవాళ్ళు వెళ్ళిపోగానే ఇక్కడ కొట్లన్నీ మూసేస్తారు. ఆయన పనికెళ్తే గాలి హోరు తప్ప మనిషి గొంతు వినపడదు. పాప ఖాళీ బస్సుకు కూడా చెయ్యూపుతుంది.

నెలాఖరుకు ఆయన జవాబు చెప్పాలి. ఈలోగా నువ్వే ఫోన్ చేసి, "మరిదిగారూ, నలుగురిలో ఉంటేనే పిల్లకు మాటలొస్తాయి, పట్నం వెళ్ళండి" అని నీ మాటగా చెప్పు. నువ్వు చెబితే కాదనరు.

చదవగానే దీన్ని పొయ్యిలో పడెయ్యి. ఇక్కడ నన్ను సంతోషంగా ఉంచానని ఆయన అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ.