గోడ మీద నా గీత

పిల్లల అమ్మకు ఆశీస్సులు.

కంగారు పడకు, ఈ కార్డు నా కుడిచేత్తోనే రాస్తున్నాను! స్టూలు మీంచి పడి పట్టేసిన భుజం మన అమ్మాయి ఫిజియోథెరపీ గదిలో బ్రహ్మాండంగా లొంగుతోంది. కడుపుమంటే తగ్గడం లేదు. నాలాగే భుజం పట్టేసిన బస్సు డ్రైవరు ఒకాయన రోజూ వస్తాడు. అతను గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి కాస్త పైకి లేపితే చాలు, మన పిల్ల "శభాష్ బాబాయిగారూ!" అంటుంది. కన్నతండ్రికి మాత్రం "ఊఁ, ఇంకోసారి" అంటుంది.

ఇక్కడ రోజూ మన నొప్పి పదికి ఎంతో చెప్పాలి. సోమవారం అతను నాలుగు అన్నాడని, నాకు ఏడున్నా మూడే అన్నాను. పిల్ల అది నమ్మి గట్టి రబ్బరు పట్టీ ఇచ్చి లాగించింది. మర్నాడు చెయ్యి కదిలితే ఒట్టు!

"నాన్నా, ఇవేమన్నా పరీక్ష మార్కులా? నొప్పి దాస్తే నేనెలా బాగుచేసేది?" అని చెడామడా తిట్టింది. అప్పట్నుంచి నిజమే చెబుతున్నాను. ఎవరి వేళ్లు ఎంత ఎత్తు అందాయో పిల్ల గోడ మీద పెన్సిలుతో గీత పెడుతుంది; ఈరోజు నా గీత డ్రైవరు గీతను దాటేసింది! అతను మూతి ముడిచి, "మీకేమండీ, ఇంటికెళ్లినా డాక్టరమ్మ పక్కనే ఉంటుంది" అన్నాడు. నన్ను చూసి అతనికి అసూయ! ఆ సంతోషంలో చెయ్యి ఇంకో అంగుళం లేచింది.

చేతులు వదులుగా ఉన్న చొక్కాలు రెండు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించావా? ఆ స్టూలు మాత్రం ఎక్కకు. అటక మీది సామాను నేనే వచ్చి దింపుతాను.

ఇట్లు, రెండు చేతులూ ఎత్తి దీవిస్తున్న
మీ ఆయన