దేవుడి గూట్లో అగ్గిపెట్టె

శుక్రవారం, రాత్రి

గెలిచాం! నేనూ, నా కూతురూ!

వైజాగ్‌లో రూమ్ తీసుకుని చదువుకోబోతోంది కదా అని లాస్యకి వంటా, గ్యాస్ సంగతులూ నేర్పిస్తుంటే మా ఆయనది ఒకటే వెటకారం. "గరిట పట్టని పిల్ల సిలిండర్ మారుస్తుందా?" అని.

ఇవాళ చేపల పులుసు మరుగుతుండగా గ్యాస్ అయిపోయింది. నేను కావాలనే కదల్లేదు. కొత్త సిలిండర్ లాస్యే బిగించింది. బిగించగానే గుప్పుమని వాసన. ఈయన పరిగెత్తుకొచ్చి, లీకు ఎక్కడుందో చూస్తానని దేవుడి గూట్లోంచి అగ్గిపెట్టె తెచ్చారు! వాళ్ళ నాన్నగారు అలాగే చూసేవారట.

లాస్య అగ్గిపెట్టె లాగేసుకుంది. "నాన్నా, ముందు నువ్వు బయటికెళ్ళు. స్విచ్‌లు ముట్టుకోకు." రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్‌కి మూత పెట్టి, తలుపులన్నీ తీసింది. చూస్తే సిలిండర్ మూతి లోపల ఉండాల్సిన రబ్బరు వాషర్ లేదు. సిలిండర్ మార్చమని గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ కూడా తనే చేసింది. నాకెంత గర్వమో!

పులుసు సగంలోనే ఆగిపోయింది. కర్రీ పాయింట్ కూరలతో తిన్నాం. అవే అమృతంలా ఉన్నాయి.

వైజాగ్‌లో దాని గురించి ఇక బెంగ లేదు. ఇక్కడ పటమటలో ఈయన గురించే... అగ్గిపెట్టె మళ్ళీ దేవుడి గూట్లోకి చేరింది.