అక్క స్వాబ్

జూన్ 3
రేపు అక్కకి, అంటే మా తోడికోడలికి, స్వాబ్ తీయాలి. శుక్లం ఆపరేషన్‌కి వచ్చే ప్రతివాళ్లకీ, దగ్గూ జ్వరమూ లేకపోయినా, ముందుగా వైరస్ టెస్ట్ చేయాలని మా కంటి ఆసుపత్రి రూలు. ఆ పని నాది. పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. అక్క కుట్టిన జాకెట్ల గురించి మా అత్తయ్య వీధంతా చెబుతుంది. నా ఉద్యోగం పేరు మాత్రం ఆవిడకి ఇంకా నోరు తిరగదు.

జూన్ 4, ఉదయం 10
ముక్కులో స్వాబ్ పెడితే అందరూ తల వెనక్కి లాక్కుంటారు. అక్క కదల్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగినా థాంక్స్ చెప్పింది. అదీ నచ్చలేదు నాకు.

సాయంత్రం 4
రిపోర్ట్ బోర్డర్‌లైన్, ఉందనీ లేదనీ తేలలేదు. ఇలా వస్తే వెంటనే రెండో శాంపిల్ తీయాలి. అక్క ఇంకా కింద హాల్లోనే ఉంది. మెట్లు దిగితే చాలు. దిగలేదు. పాజిటివ్ అని రాసేశాను. ఆపరేషన్ మూడు వారాలు వాయిదా.
సంతోషంగా ఉంది. రాయకూడదు గానీ ఉంది.

జూన్ 7
అక్క మిషను గదిలో ఒక్కతే ఉంటోంది. అత్తయ్య కుర్చీ ఆ తలుపు బయటికి మారింది. పొద్దస్తమానం కబుర్లే. పిల్లలు బొమ్మలు గీసి తలుపు సందులోంచి తోస్తున్నారు. నా పిల్లలు కూడా. ఆసుపత్రిలో ముసలివాళ్లకి తన వల్ల అంటకుండా కాపాడానని అక్క నన్ను మెచ్చుకుందట.

జూన్ 9
ఆపరేషన్ అయ్యాక కుడతానని ఒప్పుకున్న స్కూల్ యూనిఫారాలు, నలభై జతలు, అక్క వెనక్కి పంపేసింది. ఇవాళ మిషను చప్పుడు లేదు. నేను కోరుకున్నది ఇదే. అన్నం సహించలేదు.

జూన్ 10
డాక్టరమ్మకి చెప్పేశాను. అరవలేదు. రేపటి నుంచి స్వాబ్ గదికి రావద్దంది. అక్కకి మళ్లీ టెస్ట్ చేయించింది. నెగటివ్. ఆ రోజు నిజంగా ఏముందో ఇక ఎవరికీ తెలియదు.
ఇంటికొచ్చి అక్కకీ చెప్పాను. మిషను మీద గుడ్డ కప్పి నా వైపు తిరిగింది. తర్వాత అడిగింది.
"నామీద అంత కోపం ఎందుకే?"
అది కోపం కాదు.

జూన్ 13
నిన్న ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. కంట్లో నాలుగు పూటలా చుక్కలు వేయాలి. అత్తయ్య సీసా అందుకోబోతే అక్క వద్దంది.
"అది వేస్తుందిలెండి."
తల వెనక్కి వాల్చి, కన్ను విప్పి నాకు అప్పగించింది. చుక్క వేశాను.
ఆమె చోట నేనుంటే అలా కన్ను విప్పేదాన్ని కాదు.
నాకింకా కుళ్లే.