సాముయేలన్న పేరు రాసిన రాయి

ప్రియమైన అక్కకు,

ఒమాన్ కొండల నుంచి నీ తమ్ముడు ప్రకాశం ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నాను. నేను బాగున్నాను. కాలి గోళ్ళు రెండు ఊడాయి, అంతే, ఫికరు చేయకు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? బాన్సువాడ దవాఖానలో మళ్ళీ చూపించావా? కాలువకు నీళ్ళు వదిలారా, నాట్లు పడ్డాయా?

ఇక్కడ ఎండలు తగ్గాయి. హోటల్ తోటలో దానిమ్మ చెట్లకు నీళ్ళు పెట్టే పనే ఇప్పటికీ. గదిలో మాకు వంట అన్వర్ భాయి చేస్తాడు. మన వర్ని ఊరి మనిషే, హోటల్ బండి నడుపుతాడు. కారం మాత్రం మన కారం కాదు. ఇక్కడ శుక్రవారం సెలవు, ఆరాధన ఆ రోజే. ఆదివారం పైపు పట్టుకొని మన పాటలు ఒక్కడినే పాడుకుంటాను. చెట్లు వింటాయి, అంతకు మించి ఎవరూ లేరు. అయినా బాగున్నాను.

ఇక అసలు సంగతి. నేను కొండ దిగుతూ తూలి పడితే అన్వర్ తమాషాకు వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. దాన్ని చూసి మన సంఘ పెద్ద సాముయేలన్న ప్రార్థన అంశాల వేళ లేచి నిలబడి ఏమన్నాడో నువ్వే ఫోనులో ఏడుస్తూ చెప్పావు. "గల్ఫుల మన ప్రకాశం తాగి పడుతుండు. వాని ఆత్మ కోసం కన్నీళ్ళతోని మొర పెడదాం."

కన్నీళ్ళట! నాలుకతో చంపి, మోకాళ్ళూని పాతిపెట్టాడు. నన్ను అడిగాడా? నిన్ను అడిగాడా? ఆ రోజు నుంచి నువ్వు పాట ఎత్తడం మానేసి వెనక చాప మీద కూర్చుంటున్నావు. నన్నన్నందుకు కాదక్కా నా మంట. నీ గొంతు మూయించాడు.

పగ తీర్చడం దేవుని పని అని ఎన్నో కూటాల్లో నేనే అరిచి చెప్పాను. నిజమే. కానీ ఆ దేవునికి నా కాళ్ళు అరువివ్వకూడదని ఎక్కడ రాసి ఉంది?

ఆ తూలడం సాధనలో వచ్చిన అలసట. ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ కొండల మీదుగా పరుగెత్తే పందెం ఉంది. నీళ్ళూ తిండీ అందించే జట్టు లేకపోతే అందులోకి రానివ్వరు. నా జట్టు ఇద్దరే. బండితో అన్వర్, చివరి కొండల మీద నా వెంట పరుగెత్తడానికి మా హోటల్ వంటశాలలో పనిచేసే నేపాలీ దిల్ బహదూర్.

రెండో పొద్దు ఎండ ఎక్కాక, చివరి కొండ కింద కూలబడ్డాను. మజ్జిగలో కలిపి ఇచ్చిన జొన్న గట్క కూడా కడుపులో నిలవలేదు.

"ఇగ నాతోని కాదు భాయ్. బండెక్కించు."

అన్వర్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు. గని ఇప్పుడే సాముయేలన్నకు ఫోన్ గొడ్తున్న. నీ ప్రార్థన ఫలించిందన్నా, ప్రకాశం పడ్డడని."

"నీ నోట్ల మన్ను పడ!"

"నా నోట్ల ఎందుకు? గాయన నోట్ల పోద్దువు పో. లే, ఉరుకు!"

లేచాను. బైబిలులో రాజు రథానికి ముందు నడుం బిగించి పరుగెత్తిన ప్రవక్త వెనక వాన వచ్చింది. నా వెనక కోపం వచ్చింది. అడుగడుక్కీ "సాముయేలన్నా!" అని కొండ అదిరేట్టు అరిచాను. తెలుగులో 'అన్న' అనే మాట ఒక్కటే తెలిసిన దిల్ బహదూర్ కూడా వెనక నుంచి గొంతు కలిపాడు. అట్లా అరుచుకుంటూనే ఎక్కాము, దిగాము, పందెం పూర్తి చేశాము.

పూర్తి చేసినవాళ్ళకు అక్కడ ఒక కొండరాయి ఇస్తారు. ఎవరిని తలచుకొని పరుగెత్తాడో ఆ పేరు దాని మీద రాయించేది జట్టువాళ్ళు, పరుగెత్తినవాణ్ణి అడగరు. దిల్ బహదూర్ వెలిగిపోతూ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "మీ అన్న పేరే రాయించిన భాయ్. ఎంత ప్రేమ! మా అన్నను నేను ఒక్కసారన్న గట్ల పిలవలే," అని హిందీలో అన్నాడు. అన్వర్ నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చున్నాడు. ఆ పేరు మైకులో చదివితే అంతా చప్పట్లు కొట్టారు.

అక్కా, ఇక్కడిదాకా సాక్ష్యాల వేళ సంఘంలో పైకి చదువు. ఒక్క మాట వదలకు. కిందది నీకు మాత్రమే.

మొదట ఆ రాయి తెచ్చి ఆయన నెత్తినే వేయాలనిపించింది, అబద్ధమెందుకు? తర్వాత వాక్యం గుర్తొచ్చింది. పగవాడికి అన్నం పెడితే వాడి తల మీద నిప్పులు పోసినట్టేనని. ఇన్నాళ్ళూ దాన్ని అన్నం వైపు నుంచి బోధించాను. ఇప్పుడు నిప్పుల వైపు నుంచి చదువుతున్నాను.

రాయి, ఖర్జూరాల పొట్లం, ఈ ఉత్తరం సెలవుకు వస్తున్న అన్వర్‌తో పంపుతున్నాను. చదవడం అయ్యాక అందరి ముందు ఆ రాయి సాముయేలన్నకు ఇప్పించు. బరువు ఎక్కువ, రెండు చేతులా పట్టుకోవాలి. ముఖం కప్పుకోవడానికి చెయ్యి మిగలదు.

అన్వర్ తిరిగి వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు పంపు. బావకు, పెద్దమ్మకు, పెద్దలందరికీ నా వందనాలు. నన్ను దీవించండి, ప్రార్థనలో తలచుకోండి, కానీ చిన్న గొంతుతో.

ఇంకొక్కటి. ఆ రోజు ముందు చాప మీద కూర్చో. రాయి చేతిలో పడగానే ఆయన ప్రార్థనకు నోరు తెరుస్తాడు, నాకు తెలుసు. ఆలోపే నువ్వు పాట ఎత్తు.

నీ తమ్ముడు,
ప్రకాశం