ఎక్కని నిచ్చెన

బాపట్ల,
శనివారం.

ప్రియమైన మావయ్యకు,

నమస్కారం. ఫోనులో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం రాసి, కాలేజీ నుంచి రేపల్లె వస్తున్న మన దీప్తి చేతికిస్తున్నాను. కవరు గట్టిగా అంటించాను. అది చదివితే ఇక ఈ బావ ముఖం చూడదు.

నిన్న వేమూరు బడి కట్టడం తనిఖీకి వచ్చి, అక్కడ మిమ్మల్ని చూసి నాకు తలకొట్టేసినట్లయింది. ముప్పై ఏళ్ళు సొంతంగా కాంట్రాక్టులు చేసిన మనిషి, ఆ పెద్ద కంపెనీ పసుపు టోపీ పెట్టుకుని మేస్త్రీగా నిలబడ్డారు. పైగా అందరి ముందూ "నమస్కారమండి సార్" అన్నారు. నాకు తాపీ పట్టడం నేర్పిన చేతులు నాకే దణ్ణం పెట్టాయి.

ఇక దాచను. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పదకొండు బళ్ళ పనులు కలిపి ఒకే టెండరుగా పిలిచినప్పుడు, "అంతకుముందు ఐదు కోట్ల పని ఒక్కటైనా చేసి ఉండాలి" అన్న నిబంధన ఎవరు పెట్టారని అడిగారు మీరు. "పైనుంచి వచ్చింది మావయ్యా, నా చేతిలో ఏముంది" అన్నాను. అబద్ధం. బళ్ళు కలపమన్నది పైవాళ్ళే, కానీ ఆ వాక్యం నాది. పని మీకొస్తే మేనమామకి కట్టబెట్టాడంటారని భయపడ్డాను. నా పేరుకి మచ్చ రాకూడదని మీ పొట్ట కొట్టాను.

నిన్న మీ ఎదుట నిలబడలేక, శ్లాబు ఇనుము సరిచూసినట్టు కింద నుంచే సంతకం పెట్టి జీపెక్కాను. ఎంతైనా తిట్టండి. 'సార్' అని మాత్రం అనకండి.

మీ మేనల్లుడు,
రవిశంకర్


రేపల్లె,
ఆదివారం.

రవీ,

దీవెనలు. ఈ సాయంత్రమే కాలేజీకి తిరిగొస్తున్న దీప్తి చేతికే ఇదీ ఇస్తున్నాను. ఆ నిబంధన నీదేనని ఆ రోజే తెలుసురా. అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కోపం వచ్చింది, రాలేదని ఎందుకనాలి? నెల రోజులు మీ అమ్మతో కూడా ముభావంగా ఉన్నాను.

బళ్ళు కలపడం తప్పు కాదు. సిమెంటు, ఇనుము ఒక్కసారే కొంటే చవక. మాలాంటి చిన్నవాళ్ళూ కలిసి రావచ్చని ఒక్క ముక్క రాసి ఉంటే, తెనాలి జగన్నాథరావూ నేనూ కలిసి టెండరు వేసేవాళ్ళం. ఈసారి రాయి.

'సార్' అన్నది ఎత్తిపొడుపు కాదు. మన చుట్టరికం తెలిస్తే, నువ్వు తప్పు పట్టినప్పుడు మామ చెప్పించాడంటారని అన్నాను. నువ్వు పైకెక్కి చూస్తావని నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నువ్వు ఎక్కలేదు. నాకు సిగ్గేసింది అప్పుడు.

ఆరంగుళాలకో కడ్డీ ఉండాల్సిన చోట తొమ్మిదంగుళాలకు కట్టించాడు కంపెనీ సూపర్‌వైజరు. అదేంటని అడిగితే "ఇంజనీరు గారే సంతకం పెట్టారు, మీకెందుకండి బాబాయ్" అన్నాడు. రేపు పొద్దున్నే శ్లాబు వేస్తారు. కాంక్రీటు కలిపే మిల్లరు బెల్టు విప్పి నా సంచీలో వేసుకొచ్చాను. తెనాలి నుంచి కొత్తది తెచ్చేసరికి పది దాటుతుంది.

ఆలోపు రా. నీ సంతకం నువ్వే కొట్టేయి. నా పని పోతే పోనీ. ఆ శ్లాబు కింద కూర్చునేది పిల్లలు.

నిచ్చెన నేను పట్టుకుంటాను.

మీ మావయ్య,
జనార్దనరావు